నాలుగో కుప్ప

"మంచం ఎత్తుతే ఏమైతది? ఒక్క దినమే గద," అంది రోజారాణి మూడోసారి.

"ఎత్తి యాడ వేస్తవ్? బాత్రూం పక్కన వేస్తవా?" అన్నాడు వెంకటి.

"బాత్రూం పక్కన ఎందుకు? కోమల వాళ్లింట్ల వేస్త. అడిగిన. సరే అన్నది."

"నన్ను అడగకముందే పక్కింటామెను అడిగినవా?"

"నిన్నడిగితే నువ్వెప్పుడు ఔనన్నవ్, ఎప్పుడు కాదన్నవ్?"

వెంకటి చేతిలో కిరాణా కొట్టు తాళాలు ఉన్నాయి, కానీ కదల్లేదు. వెనుక వరండాలో అతని తల్లి ఐలవ్వ పుంటికూర తెంపుతూ అంతా వింటోంది. ఎత్తాలా వద్దా అని కొడుకూ కోడలూ వాదించుకుంటున్న మంచం మీదే కూర్చుని ఉంది. ఆమెకు డెబ్బై ఏడేళ్లు. ఎడమ కన్ను లేదు. కన్నుండాల్సిన చోటు నుంచి దవడ దాకా చర్మం ముడతపడి, పెదవి మూలను పైకి గుంజి పట్టుకుంది. అందుకని ఆమె ఏడ్చినా నవ్వినట్టే కనబడుతుంది.

గొడవకు కారణం ఆదివారం టీవీ వాళ్లు రావడం. చనిపోయి పదిహేనేళ్లయిన ఐలవ్వ భర్త పర్శరాములు మీద సినిమా వచ్చింది. రెండు నెలలుగా లక్సెట్టిపేట అంతా అదే మాట. ఆసిఫాబాద్ అవతలి అడవుల్లో పులుల్నీ ఎలుగుల్నీ వేటాడి తోళ్లు అమ్మిన మనిషి కథ. సినిమాలో అతని పెళ్లాన్ని పాట అయిపోగానే ఎలుగు చంపేస్తుంది. ఆమె కోసం అతను కత్తితో దాని మీద పడతాడు. ఒళ్లంతా చీరుకుపోతుంది. వెంట వచ్చిన స్నేహితుడు తోళ్లు ఎత్తుకుని పారిపోతాడు. వీరుడు ఎలుగు తోలు కప్పుకుని, పచ్చి చేపలు తింటూ, ఏడు రోజులు పాక్కుంటూ ఊరు చేరతాడు. చివర్లో గుట్ట మీద నిలబడతాడు. హాల్లో అందరూ లేచి ఈలలు వేస్తారు.

ఈ కథ సినిమా వాళ్లకు చెప్పింది మనవడు హరీష్. అతనికి ఇరవై ఎనిమిదేళ్లు, మొబైల్ షాపులో పని. ఇప్పుడు చౌరస్తాలో అతని ఫొటోతో ఫ్లెక్సీ ఉంది. 'పులి పర్శరాములు మనుమడు' అని దాని మీద రాసి ఉంటుంది. పెద్దపెద్దవాళ్లు బండి ఆపి మాట్లాడుతున్నారు.

అప్పుడే లోపలి గదిలోంచి హరీష్ వచ్చాడు. "ఏంది మీ లొల్లి? మంచం గాడనే ఉండనియ్యుండ్రి. ముసలోళ్లు ఇంట్ల ఉంటే వీడియోల మంచిగ కొడుతది. ఎవరన్న అడుగుతే తాత చెల్లె అని చెప్తం, గంతే."

"చెల్లెనా?" అన్నాడు వెంకటి.

"మరి? సినిమాల సచ్చిన మనిషి ఎనుక వరండల కూసోని కూర తెంపుతున్నదని చెప్పాలెనా? నా ఇజ్జత్ ఏం గావాలె?" అని వరండా వైపు తిరిగాడు. "బాపమ్మా, విన్నవా? తాత చెల్లెవు నువ్వు."

ఐలవ్వ తల ఎత్తింది. "పేరు?"

"ఏం పేరు?"

"చెల్లెకు పేరు ఉండాలె గద కొడుకా."

హరీష్ ఒక్క క్షణం ఆలోచించాడు. "శంకరవ్వ."

"మంచిగున్నది," అని ఐలవ్వ మళ్లీ కూరలో చెయ్యి పెట్టింది.

రోజారాణికి నవ్వొచ్చింది. మంచం ఎత్తే పని తప్పినందుకు ఊపిరి కూడా పీల్చుకుంది. ఆమె అత్తను ఎప్పుడూ తిట్టలేదు, కొట్టలేదు. అత్తకు వేరే చెంబు, వేరే కంచం, వెనుక దర్వాజ. ముప్పై ఏళ్ల కింద ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రోజు ఎట్లా ఉన్నాయో ఇప్పుడూ అట్లాగే ఉన్నాయి. వాటిని ఆమె పెట్టలేదు కాబట్టి తీసే పని కూడా తనది కాదనుకుంది.

ఆ సాయంత్రం డిగ్రీ చదివే మనవరాలు అలేఖ్య ఫోన్లో సినిమా పెట్టి బాపమ్మ పక్కన కూర్చుంది. ఐలవ్వను హాలుకు ఎవరూ తీసుకెళ్లలేదు.

"ఈయననా మీ తాత?" అంది ఐలవ్వ, ఫోన్‌ను కుడి కంటికి దగ్గరగా పట్టుకుని. "ఎండకాలం ఎలుగు తోలు కప్పుకున్నడేంది? మన అడవిల గట్ల తిరిగితే రెండు గడియలల్ల సస్తడు."

"హీరో బాపమ్మా, సావడు."

"ఎలుగేంది గింత ఉన్నది? ఏనుగు లెక్క. గది నా అంత లేకుండె. ఆడ గుడ్డెలుగు. పిల్లల తల్లి."

అలేఖ్య ఫోన్ ఆపింది. బాపమ్మ ముఖం ఎలుగు వల్లే అట్లా అయిందని ఇంట్లో అందరికీ తెలుసు. ఎట్లా అయిందో ఎవరూ అడగరు.

జరిగింది ఇది. ఐలవ్వకు అప్పుడు ఇరవై. వెంకటికి రెండేళ్లు. ఇప్పపువ్వు రాలే రోజులు. పర్శరాములు అడవికి పోతే ఆమె వెంట పోవాలి. వండాలి, తోళ్లు గీకాలి, మూటలు మోయాలి. ఆ రోజు అతను ఎలుగును కొట్టాడు. గుండు తగిలింది, ఎలుగు పొదలో పడింది. అతను చెట్టు మీదే ఉండి, "పోయి చూడు, సచ్చిందో లేదో," అన్నాడు. ఆమె పోయి చూసింది. అది చావలేదు.

అతను ఆమె అరుపులు ఆగేదాకా చెట్టు దిగలేదు. దిగిన తర్వాత ఆమె దగ్గరికి రాలేదు. తోళ్ల మూట రెండు రోజులకు మించి ఆగితే మురిగి వాసన పట్టేలా ఉంది. మూట ఎత్తుకుని ఊరికి పోయి, పెళ్లాన్ని ఎలుగు తిన్నదని చెప్పాడు. వెతకడానికి పోతామన్న వాళ్లతో, వెతకడానికి ఏమీ మిగల్లేదన్నాడు.

కోలాముల గూడెం వాళ్లకు ఐలవ్వ కనబడింది. ఆకుల పసరు పెట్టి, గుడ్డ కట్టి, తాము తినే ఇప్పపువ్వే తినిపిస్తూ కొన్నాళ్లు ఉంచుకున్నారు. నడవగలిగిన రోజున ఇద్దరు ఆడవాళ్లు ఊరి పొలిమేర దాకా తోడొచ్చారు. అక్కడి నుంచి ఒక్కతే నడిచింది. అది పదకొండో రోజు. ఇంటి ముందు విస్తర్లు పరిచి ఉన్నాయి. యాట కూర ఉడుకుతోంది. అది తన దినమని ఆమెకు గడప దగ్గర అత్త చేతులు అడ్డం పెట్టేదాకా తెలియలేదు.

"పిండం పెట్టినం. గడప తొక్కకు," అంది అత్త.

పెద్దలు కూర్చుని మాట్లాడారు. బతికి ఉన్న మనిషికి పిండం పెట్టడం తప్పే. కానీ పెట్టిన పిండం వెనక్కి తీసుకుంటే ఆ చోటికి ఇంట్లోంచి మరొకరు పోతారు. పర్శరాములు తల ఎత్తకుండా తింటూనే ఉన్నాడు. చెయ్యి కడుక్కున్నాక ఒక్క మాట అన్నాడు. "వండి పెట్టెతందుకు మనిషైతే కావాలె. ఎనుకకెళ్లి రానియ్యుండ్రి."

ఆ రోజు ఆమెకు ఎవరూ అన్నం పెట్టలేదు. ఆమె వాటా అప్పటికే కాకులకు పెట్టేశారు.

అప్పటి నుంచి ఐలవ్వ ముందు దర్వాజ గడప దాటలేదు. ఊరు మారారు, ఇల్లు మారింది, దర్వాజ మాత్రం మారలేదు. వెంకటి తల్లికి చేసిన మేలు ఒక్కటే. లక్సెట్టిపేటలో కట్టిన ఇంటికి వెనుక దర్వాజ కూడా ముందుదంత వెడల్పుగా పెట్టించాడు.

ఆదివారం టీవీ వాళ్లు వచ్చారు. పర్శరాములు ఫొటోకు కొత్త దండ వేశారు. హరీష్ మాట్లాడాడు, వెంకటి రెండు ముక్కలు నసిగాడు. మైకు పట్టుకున్న అమ్మాయి ఇల్లంతా చూస్తూ వెనుక వరండాలోకి వచ్చింది.

"అమ్మా, మీరు ఆయనకు ఏమవుతారు?"

"చెల్లెను. శంకరవ్వ," అంది ఐలవ్వ.

"మీ ముఖానికి ఏమైందమ్మా?"

"పొయ్యి మీద పడ్డది, చిన్నప్పుడు," అంది తలుపు చాటు నుంచి రోజారాణి, గబగబా.

"మీ వదినగారు మీకు గుర్తున్నారా? ఆ రోజు గురించి చెప్తారా?"

"గుర్తు లేకేం? మస్తు బరువు మోసేది. ఆ దినం మా అన్న గుడ్డెలుగును కొట్టిండు. గది పొదల పడ్డది. మా అన్న చెట్టు మీద ఉండి, పోయి చూడు సచ్చిందో లేదో అని వదినను పంపిండు."

అమ్మాయి మైకు కొంచెం కిందికి దిగింది. "ఆయన చెట్టు మీద ఉన్నారా?"

"గాడ పైలం గద బిడ్డా."

"మరి తర్వాత?"

"తర్వాత ఏమున్నది? మా అన్న తోళ్లు ఎత్తుకొని వచ్చిండు. తోళ్లు మురుగుతయి గద ఎండకు. మా వదిన సచ్చిపోయింది. మేం దినాలు జేసినం. యాట కోసినం. అందరు మంచిగ తిన్నరు."

హరీష్ కెమెరాకు అడ్డం వచ్చాడు. "మేడం, ముసలామెకు జర మతి తప్పుతది. సినిమా ఒకటి చెప్తే ఈమె ఒకటి చెప్తది. గది తీసేయుండ్రి."

"ఫికర్ చేయకండి, మాకు కావలసింది దొరికింది," అంది అమ్మాయి.

వాళ్లు పోయాక హరీష్ బాపమ్మ ముందుకొచ్చి నిలబడ్డాడు. "నీకు తిండి పెట్టేది ఎవరే? నా పరువు తీసుడుకా పెట్టేది?"

"చెల్లె అనమంటివి, గట్లనే అన్న. వదిన సచ్చింది అనమంటివి, గట్లనే అన్న. ఇంకేం అనాలె?"

"చెట్టు మీద ఉన్నడని ఎందుకన్నవ్?"

"చెట్టు మీదనే ఉండె కొడుకా."

"నువ్వు గా దినమే పోయి ఉంటే ఈ పరేషానంత ఉండకపోవు!"

వెంకటి అక్కడే ఉన్నాడు. ఆ మాట విని, చెప్పులేసుకుని కొట్టుకు పోయాడు.

పెత్రమాస అమావాస్యకు ముందురోజు మధ్యాహ్నం వీడియో వచ్చింది. కొట్టు మూసి వెంకటి అన్నానికి వచ్చాడు. హరీష్ ఫోన్‌ను మంచినీళ్ల బిందెకు ఆనించి అందరికీ కనబడేలా పెట్టాడు. ఐలవ్వ వంతు వచ్చింది. వెనుక విషాదంగా సంగీతం. "మా వదిన సచ్చిపోయింది. మేం దినాలు జేసినం." అంతే, అక్కడితో కోశారు. గుంజుకుపోయిన పెదవి నీడలో పెట్టడంతో ఆమె నిజంగా ఏడుస్తున్నట్టే ఉంది.

"చూసినవా బాపమ్మా, ఎంతమంది ఏడుస్తున్నరో! కింద కామెంట్లు చదువు అలేఖ్యా."

"నేను చదవ," అంది అలేఖ్య.

"నీకెందుకే గంత కోపం? సచ్చినామె గురించి అందరు మంచిగనే రాసిన్రు గద."

రోజారాణి కూడా వంగి చూసింది. "మన ఇల్లు మంచిగ వడ్డది," అంది.

వెనుక దర్వాజకు ఈవల, వంటింటి గచ్చు మీద ఐలవ్వ చాటలో బియ్యం చెరుగుతోంది. పెత్రమాసకు పెద్దల పేర అయ్యగారికి బియ్యం ఇస్తారు. కుప్పకొకరి పేరు. మీద ఇన్ని కూరగాయలు, ఇంత పప్పు, ఉప్పు. బియ్యం అందితేనే పోయినవాళ్ల కడుపు నిండుతుందని, అందకపోతే ఏడాదంతా ఆకలితో తిరుగుతారని నమ్మకం. ఆ ఇంట్లో నాలుగు కుప్పలు. వెంకటి తాతది, ఐలవ్వ అత్త ముసలవ్వది, పర్శరాములుది, ఐలవ్వది. ఒకసారి చచ్చినవాళ్లలో చేరిన పేరు తీసేస్తే అరిష్టమని ఆమె కుప్ప ఏటా పోతూనే ఉంది. యాభై ఏళ్లకు పైగా ఆమె తన పేర ఇచ్చే బియ్యంలో రాళ్లు తనే ఏరుతోంది.

వెంకటి చెయ్యి కడుక్కుని వచ్చి, ఆమె ముందు విస్తరాకుల్లో పోసి ఉన్న కుప్పలు చూశాడు. మళ్లీ చూశాడు.

"అవ్వా, మూడే ఉన్నయేంది?"

"మూడే."

"తాతది, ముసలవ్వది, నీది... బాపుది ఏది?"

"పెట్టలే."

హరీష్ నవ్వాడు. "ఏందే, బియ్యం ఒడిసినయా?"

"బియ్యం మస్తున్నయి కొడుకా." ఐలవ్వ చాట పక్కన పెట్టింది. "నీ సినిమాల మీ తాత సావలే గద. ఆఖరుకు గుట్ట మీద నిలవడ్డడు. అలేఖ్య ఫోన్ల చూసిన. సచ్చింది నేను. ఊరంత గదే అంటున్నది, మీరు గూడ గదే అంటున్నరు. మొన్న మైకుల నేను గూడ చెప్తిని. మరి బతికినోనికి బియ్యం ఎట్ల ఇస్తం?"

హరీష్ బిందెకు ఆనించిన ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాడు.

"గివన్ని పరాచికాలు కావే అవ్వా," అన్నాడు వెంకటి. "బాపు ఉపాసం పోతడు. ఏడాది పొడుగూత ఆకలితోని తిరుగుతడు."

"తిరగనియ్యి. అడవి తెలిసినోడే గద."

"గట్లయితే ఇంటికి మంచిది కాదే."

"నేను పదకొండు దినాలు ఇప్పపువ్వు తిని తిరిగి వచ్చిన. ఇంటికి ఏం చెడ్డయ్యింది? అందరు మంచిగనే ఉన్నరు."

వెంకటి పెళ్లాం వైపు చూశాడు. బియ్యం అయ్యగారికి అందించేది రోజారాణే. ఆమె లోపలికి పోయి నాలుగో కుప్ప పోసుకురావచ్చు. బస్తా మూడడుగుల దూరంలో ఉంది. ఆమె లేవబోయి ఆగింది. అత్తను చూసింది. పొయ్యి మీద పడ్డదని తను అన్న మాట గుర్తొచ్చిందో ఏమో, మళ్లీ కూర్చుంది.

"రేపు అయ్యగారు మామ పేరు అడుగుతే నేనేం చెప్పాలె అత్తా?" అంది చివరికి.

"బతికే ఉన్నడని చెప్పు. చౌరస్తల ఫ్లెక్సీ చూపియ్యి."

ఐలవ్వ తన పేర పెట్టిన కుప్పను విస్తరాకులోంచి కొంగులోకి ఒంపుకుని ముడి వేసింది. గోడ పట్టుకుని లేచింది. గొంతు పెంచలేదు. ఒక్కొక్కరినీ కుడి కంటితో చూసి, అందరికీ వినబడేట్టు చెప్పింది.

"ఇగ నేను ఉన్నన్ని దినాలు ఈ ఇంట్ల ఆయన పేర గింజ పోదు. నాది అయ్యగారికి ఇయ్యకుర్రి. నేనే వండుకొని తింట."