అదనపు మంచం

"వదినా, అక్కడ ప్లగ్గులకి ఎన్ని కాళ్ళుంటాయి?" అని మా ఆడపడుచు అడిగే వేళకి నేను ఫోన్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని బీన్స్ ఈనెలు తీస్తున్నాను, పాలు పొంగుతాయేమోనని ఓ కన్ను పొయ్యి మీద వేసి. "మూడే. కానీ మనలా గుండ్రంగా కాదు, పలకల్లా ఉంటాయి. అడాప్టర్ కొనుక్కో, విమానాశ్రయంలో కొంటే తడిసి మోపెడవుతుంది" అన్నాను. చెప్పాక నా మాట నాకే వింతగా వినిపించింది. నేను పుట్టి బుద్ధెరిగాక దేశం దాటిందే లేదు. చూడని ఊళ్ళో చూడని గోడకున్న బెజ్జాల గురించి అంత ధీమాగా ఎలా చెప్పేశానో!

మా మరిది పెళ్ళి సముద్రం అవతల ఒక హోటల్లో అని ఖాయమైన రోజు, మా ఆయన అందరి ముందూ కాలు మీద కాలేసుకుని, "ప్రయాణాలూ గదులూ నాకొదిలెయ్యండి" అన్నాడు. అందరూ ఆయనకి వదిలేశారు. ఆయన నాకు వదిలేశాడు. వీసా ఫొటోకి వెనక ఏ రంగుండాలి, విమానం ఎక్కడ మారాలి, మందులు ఏ సంచిలో పెట్టుకోవాలి, దిగాక ఏ ద్వారం దగ్గర నిలబడితే బస్సు వస్తుంది, ఇవన్నీ కనుక్కోవడం నేను, ఆయన ఫోన్లో టైపు చేసి చుట్టాల గ్రూపులో పెట్టడం నేను. కింద మాత్రం ఆయన పేరు. "మీవాడు ఎంత వివరంగా రాస్తాడండీ, చిన్నపిల్లలకి చెప్పినట్టు!" అని ఎవరో మెచ్చుకుంటే అత్తయ్య మురిసిపోయి, "వాడు చిన్నప్పట్నించీ అంతేనమ్మా, అన్నీ పద్ధతిగా ఉండాలి" అంది. నేనక్కడే కాఫీ గ్లాసులు తీస్తున్నాను. అప్పుడు నాకు కోపం వచ్చిందా, నవ్వొచ్చిందా? ఇప్పటికీ తేల్చుకోలేను. ఒక్కటి మాత్రం నిజం, ఆ మెప్పు విని నేను కూడా కాస్త గర్వపడ్డాను. ఎవరి తరఫున పడ్డానో తెలియదు.

హోటల్ కౌంటర్లో ఒకావిడ ఉండేది. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతోనే ఆవిడతో ఫోన్లో ఎన్నిసార్లు మాట్లాడానో. "బాత్‌రూమ్ గుమ్మం దగ్గర గట్టుందా? మా అత్తగారి మోకాళ్ళు వంగవు" అంటే, లైన్లో ఉండమని చెప్పి, తనే వెళ్ళి చూసొచ్చి, లేదని చెప్పింది. అన్ని గదులు ఒకేసారి తీసుకుంటే ఏర్పాట్లు చూసినవాళ్ళకి సముద్రం వైపు గది ఒకటి ఉచితమని కూడా ఆవిడే చెప్పింది. ఆ సంగతి మా ఆయన చెవిన వేస్తే ముఖం చేటంత అయింది. "అది మా బాసుగారి దంపతులకి ఇద్దాం. వాళ్ళకని తీసిన మామూలు గదిలో నేనుంటాను" అన్నాడు. "మరి నేనో?" అన్నాను. "నీకేంటి, అమ్మ గదిలో అదనపు మంచం వేయిస్తే సర్దుకుంటావు. అమ్మకి రాత్రిళ్ళు ఎవరో ఒకరు లేవాలి కదా. నాకా, మధ్యలో లేస్తే మళ్ళీ నిద్ర పట్టదు." ఆయన అన్నదాంట్లో తప్పేముంది, నిజమే కదా అనిపించింది. ఆయన ఏదన్నా ముందు నాకు నిజమే అనిపిస్తుంది, తర్వాతెప్పుడో గిన్నెలు తోముతుంటే ఎక్కడో గుచ్చుకుంటుంది. ఆ రోజు గ్రూపులో "పెద్దవాళ్ళ గదిలో అదనపు మంచం వేయించాం. ఇంట్లోవాళ్ళు ఒకరు తప్పకుండా తోడు పడుకోవాలి" అని టైపు చేశాను. నన్ను తలుచుకునే.

తీరా దిగాక హోటల్ హాలంతా మావాళ్ళ గోలే. నా పెట్టె ఏదని ఒకరు, వేడినీళ్ళెక్కడని ఒకరు. అత్తయ్యని సోఫాలో కూర్చోబెట్టి, కాళ్ళ కింద సంచి పెట్టి, కౌంటర్ దగ్గరికి వెళ్ళి నోరు విప్పానో లేదో, అక్కడున్నావిడ తలెత్తి, "గట్టు గురించి అడిగింది మీరే కదూ!" అంది. ఆ గొంతు నాకూ తెలిసింది. ఇంతకాలం ఎవరో పెద్దావిడ అనుకున్నాను, నా ఈడుదే. సముద్రం వైపు గది తాళం కార్డు నా చేతిలో పెట్టి "ఇది మీ గది" అంది.

"కాదండీ, అది మా వారి బాసుగారికి."

"ఏర్పాట్లు చూసినవాళ్ళకి కదా ఇచ్చేది? ఇన్నాళ్ళూ నాతో మాట్లాడింది మీరే. ఇంకెవరికైనా ఇవ్వాలంటే మీరు చెప్పాలి, మార్చేస్తాను."

నాకు మతి పోయినట్టయింది. చూసింది నేనేనా? మెసేజిలన్నీ ఆయన పేరుతోనే కదా వెళ్ళాయి? వెనకనించి మా ఆయన, "చెప్పేసెయ్, సార్ వాళ్ళకి ఇమ్మను" అంటున్నాడు. బాసుగారి భార్య "అయ్యో, మాకెందుకండీ" అంటూనే కార్డు వైపు చూస్తోంది. సరేనని చెప్పడానికే నోరు తెరిచాను. ఒట్టు. బయటికొచ్చింది మాత్రం వేరే మాట.

"ఒక్కసారి చూసొస్తాను."

లోపలికెళ్ళి తలుపు వేశాక ఏం చెయ్యాలో పాలుపోలేదు. దుప్పటి సర్దబోయాను, సర్దే ఉంది. గ్లాసు కడగబోయాను, తళతళలాడుతోంది. కిటికీ నిండా సముద్రం, గది మధ్యలో ఇంత పెద్ద మంచం. ఏ వైపు పడుకోవాలి? ఇంట్లో అయితే ఆయనకి ఫ్యాన్ వైపు, మిగిలిన వైపు నాది. ఇక్కడ మిగిలిన వైపేది? ఇంత చిన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఎన్ని కాళ్ళ ప్లగ్గో చెప్పిన మనిషిని! ఏడుపొచ్చింది. అది బాధో సంతోషమో తెలియలేదు. బాసుగారి ముందు ఆయనకి తల కొట్టేసినట్టవుతుందని ఒక పక్క బెంగ. ఈ కార్డు ఇచ్చేస్తే మళ్ళీ నాకెవరూ ఏదీ "ఇది మీది" అని చేతిలో పెట్టరని ఇంకో పక్క భయం. రెండూ నావేనా, ఒకటి ఎవరైనా నాలో పెట్టారా? మంచం మధ్యలో కూర్చున్నాను, చెప్పులు కూడా విప్పకుండా.

ఫోన్ మోగింది.

"అమ్మ గది ఏ అంతస్తు? రేపు బస్సు ముందువైపు వస్తుందా, వెనకవైపా? ఒక్కొక్కళ్ళూ నన్ను పీక్కు తింటున్నారు. ఎక్కడున్నావు?"

"గదిలో."

"ఇంకా చూడ్డం అవలేదా? సార్ వాళ్ళు నిలబడే ఉన్నారు."

"వాళ్ళ పేర తీసిన గది ఉందిగా, తాళం కౌంటర్లోనే ఉంది. ఇమ్మనండి." ఆ మాట అన్నది నేనేనా అని ఫోన్ వంక చూసుకున్నాను.

"మరి నేనెక్కడ పడుకోవాలి?"

"మీరు పంపిన మెసేజిలోనే ఉందండీ, చూడండి."

వెతుక్కుంటున్నాడు. పక్కనించి అత్తయ్య "ఏరా, నా గదేదిరా?" అంటోంది. ఆయన గొణుక్కుంటూ చదవడం వినిపిస్తోంది. "అదనపు మంచం వేయించాం... ఇంట్లోవాళ్ళు ఒకరు తప్పకుండా..." ఆగాడు.

"ఇది నీ గురించి కదా?"

నేను చెప్పులు విప్పాను.

"కింద మీ పేరే ఉందండీ."