మూడుసార్లు పిలిచాం

కిటికీకీ ఆమెకూ మధ్య ఐదడుగుల దూరం. పొద్దున తొమ్మిదింటికే వచ్చి ఇనప బెంచీ మొదట్లో కూర్చుంది. మంచినీళ్ళకి కూడా లేవలేదు. లేచిన ఆ నిమిషంలోనే పిలుస్తారేమోనని భయం. కిటికీ వెనక గుమాస్తా కాగితాలు తిరగేశాడు, పెన్ను మూత కొరికాడు, తల వంచుకుని అప్పుడప్పుడూ ఏదో గొణిగాడు. రెండింటికి ఆమె ఫైలు తీసి ఎర్రసిరా ముద్ర గుద్ది పక్కన పడేశాడు. ‘మూడుసార్లు పిలిచాం. పలకలేదు. ఫైలు మూసివేయడమైనది.’

అది వినికిడి లేనివాళ్ళకి కొత్త పని నేర్పి, ఉద్యోగంలో నిలబెట్టే వృత్తి పునరావాస కేంద్రం. అక్కడ మనుషుల్ని నోటితో పిలుస్తారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని లోకమంతా చెవిటివాళ్ళని చూసి నవ్వుతుంది గానీ, ఆ ఊదేవాడికి కుర్చీ వేసి, ఫ్యాను పెట్టి, జీతమిచ్చి కూర్చోబెట్టిన చోటు ఇదొక్కటే.

ఆమెని అందరూ రేకులక్క అంటారు. రోడ్డవతలి రేకుల ఫ్యాక్టరీలో పన్నెండేళ్ళు ప్రెస్సు తొక్కింది. రేకు మీద అచ్చు పడే చప్పుడు కొంచెం కొంచెంగా ఆమె చెవుల్ని తినేసింది. మొదట అత్తగారి సణుగుడు వినపడటం మానేసింది, పోనీలే, మంచిదే అనుకుంది. తర్వాత అత్తగారి కేకలు కూడా వినపడలేదు. అప్పుడు భయపడింది. హారన్ వినపడని మనిషి ప్రెస్సు దగ్గర నిలబడితే చెయ్యి పోతుందని ఫోర్‌మన్ ఆమెని పక్కన పెట్టాడు. తనిఖీ బల్ల దగ్గర ఒక చోటు ఖాళీ ఉంది, రేకు మీద గీతలూ సొట్టలూ కంటితో చూసి వేలితో తడిమి పట్టుకునే పని, దానికి చెవులతో అవసరం లేదు, కేంద్రం నుంచి సర్టిఫికెట్టు తెచ్చుకో అన్నాడు. ఈ నెలాఖరు వరకే ఆ చోటు ఆగుతుంది. నెలాఖరు ఎంతో దూరం లేదు, వచ్చే శుక్రవారమే.

ఆరు నెలలు నేర్చుకుంది. పాఠం చెప్పేవాడు బోర్డు వైపు తిరిగి, వీపు చూపిస్తూ చెప్పేవాడు. అతని పెదాలు చదవడానికి కూడా వీల్లేదు. అయినా పక్కవాళ్ళ చేతులు చూసి, రేకులు తడిమి, పని పట్టుకుంది. మిగిలింది చివరి ముఖాముఖి ఒక్కటే. ఆ పిలుపు కోసమే ఈ కూర్చోవడమంతా.

“ఎదురుగానే ఉన్నాను కదయ్యా! కళ్ళు కూడా మూసుకున్నావా?” అని ఆమె కిటికీ ఊచలు పట్టుకుని అరిచింది. ఎంత గట్టిగా అరిచిందో ఆమెకి తెలియదు. లోపల నలుగురు తలలు తిప్పడం మాత్రం కనపడింది.

గుమాస్తా పెదాలు కదిలాయి. చొక్కాలకి బొత్తాలు కుట్టే అమ్మాయి పక్కనే ఉంది. పుట్టుకతోనే వినపడదు, కానీ పెదాలు ఇట్టే చదివేస్తుంది. అందరూ బొత్తాల పిల్ల అంటారు. నోటు పుస్తకంలో గబగబా రాసి చూపించింది: ‘తోడు ఎవరినైనా తెచ్చుకోవాలట. వినపడేవాళ్ళని. మళ్ళీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టుకోవాలట. వంతు రావడానికి ఏడాదిన్నర.’

రేకులక్కకి ఒళ్ళు మండిపోయింది. నేరుగా ఆఫీసరు గదిలోకి పోయింది. బొత్తాల పిల్ల వెంట నడిచింది. ఆఫీసరు అన్నం తింటున్నాడు. బల్ల పక్కన ఒక పెద్ద అట్టపెట్టె ఉంది, దాని మీద అతని కూర గిన్నె ఉంది. పెట్టె మీది బొమ్మ చూస్తే తెలిసిపోతోంది, వంతు నంబరు వెలిగే బోర్డు అది. మూత కూడా చింపలేదు.

“అదేదో గోడకి తగిలిస్తే సరిపోయేది కదా సార్?”

ఆఫీసరు ఓపికగానే జవాబిచ్చాడు. బొత్తాల పిల్ల రాసింది: ‘తగిలించడానికి మంజూరు రాలేదట. పై నుంచి రావాలట. రెండేళ్ళుగా అడుగుతున్నాడట. రూలు ప్రకారం పిలిచారట, తప్పేమీ లేదట.’

దున్నపోతు మీద వాన కురిస్తే అది కనీసం తోకైనా ఆడిస్తుంది. ఆఫీసరు ముద్ద కలుపుకున్నాడు.

బయటికొచ్చి ఆమె బెంచీ మీద కూలబడింది. ఏడుపొచ్చింది, ఏడవలేదు. అప్పుడు వెన్నులో ఏదో తగిలింది. టక్, టక్, టక్. శబ్దం కాదు, ఇనుము వణుకు. పన్నెండేళ్ళు ప్రెస్సు దగ్గర నిలబడ్డ ఒళ్ళు అది, ఇనుము మాట్లాడితే దానికి తెలుస్తుంది. తల తిప్పి చూసింది. బెంచీ ఆ చివర పుస్తకాలకి అట్టలు కట్టే ముసలాయన కూర్చుని తాళంచెవితో బెంచీ కాలు మీద కొడుతున్నాడు. ఒకదానికొకటి బోల్టులు బిగించిన బెంచీలు గది పొడవునా ఉన్నాయి. కూర్చున్న నలభై మందీ ఒకేసారి ఆయన వైపు చూశారు. వినపడని వాళ్ళు ఒకరినొకరు పిలుచుకునే పద్ధతి అది. ఇన్నాళ్ళూ ఆమె ఎవరో కాళ్ళు ఊపుతున్నారనుకుంది.

ఆ బైండరు తాత తన ఫైలు మూసేసినప్పుడు ఇచ్చిన ఎర్రముద్ర కాగితం పైకెత్తాడు. బొత్తాల పిల్ల తనది ఎత్తింది. ఒకటి, రెండు, అయిదు, చివరికి పదకొండు కాగితాలు లేచాయి.

ఆదివారం మధ్యాహ్నం తాత బైండింగు షెడ్డులో అందరూ చేరారు. జిగురు వాసన, కత్తిరించిన కాగితం ముక్కలు, మధ్యలో గాలిలో తిరిగే చేతులు. రేకులక్కకి ఆరు నెలల్లో సైగలు కొన్నే వచ్చాయి. తెలియనివి బొత్తాల పిల్ల రాసి చూపిస్తోంది.

“నేను మాట్లాడగలను. మీ అందరి తరఫున నేను పోయి అడుగుతాను” అంది రేకులక్క.

ఒక వడ్రంగి విసురుగా చేతులు ఆడించాడు. పుట్టుకతో చెవిటివాడు అతను. ‘నీకు నోరుంది. నీతో మాట్లాడతాడు, నీ పని చేసి పంపేస్తాడు. నువ్వు నిన్న చెవిటిదానివయ్యావు, మేం పుట్టినప్పటి నుంచీ ఈ బెంచీ మీదే ఉన్నాం.’

“నా చెవులు నేనేం సరదాకి పోగొట్టుకోలేదు!”

తాత ఇద్దరి మధ్యకీ వచ్చి ఆమెని ఒక్క ప్రశ్న అడిగాడు. ‘మీ ప్రెస్సు షాపులో మాలాంటివాడు ఎవడైనా ఉండేవాడా?’

“ఉండేవాడు. మెషీన్లకి నూనె వేసేవాడు. మూగోడా అని పిలిచేవాళ్ళం. పేరు కూడా అడగలేదు. తీసేసిన రోజు నాకేసి చూసి ఏదో సైగ చేశాడు. నేను తలెత్తలేదు. రేకు వంకరపోతుందని పని చేసుకుంటూ కూర్చున్నాను.”

బొత్తాల పిల్ల అదంతా చేతులతో చెప్పింది. షెడ్డులో చేతులన్నీ ఆగిపోయాయి. ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. వడ్రంగి తను కూర్చున్న కాగితాల కట్ట మీద జరిగి, పక్కన చోటు చూపించాడు.

ఉపాయం తాతది. సోమవారం నుంచి ఎవరి పేరు పిలిచినా అందరూ లేవాలి. గుమాస్తా ఎవరిని పిలిచాడో మనకి తెలియదు కాబట్టి, పిలిచింది అందరినీ అనే లెక్క. మొదట్లో కూర్చున్న మనిషి గుమాస్తా నోటి మీదే కన్నేసి ఉంచాలి. నోరు తెరిస్తే ఇనుము మీద మూడు దెబ్బలు. బెంచీ బెంచీ లేచి కిటికీ ముందు నిలబడాలి. మొదటి చోటు రేకులక్కకి ఇచ్చారు. ఆమె ఇంట్లో వెతికి ప్రెస్సు షాపు బోల్టు ఒకటి తెచ్చుకుంది. అత్తగారు గుమ్మంలో అడ్డం నిలబడి చేతులు తిప్పుతూ తిట్టింది. మాటలు వినపడకపోయినా ‘నీకెందుకే ఈ పెత్తనం’ అన్నదే అయి ఉంటుంది, ఎందుకంటే పదేళ్ళుగా ఆ చేతులు తిప్పితే అదే మాట. అయినా కోడలు వీధి మలుపు తిరిగేసరికి చెప్పులు వేసుకుని వెనకాలే వచ్చింది.

సోమవారం పదింటికి గుమాస్తా నోరు తెరిచాడు. రేకులక్క బోల్టుతో మూడు దెబ్బలు కొట్టింది. నలభై మంది ఒక్కసారిగా లేచి కిటికీ మీదికి వచ్చేశారు.

గుమాస్తా ఆవులిస్తున్నాడు.

తెరిచిన నోరు మూయడం మరిచిపోయి కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. బొత్తాల పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. తాత నవ్వాడు, వడ్రంగి నవ్వాడు. నవ్విన కాసేపే నవ్వు. పడ్డవాడు లేచి ఆఫీసరు దగ్గరికి పరుగెత్తాడు, ఆఫీసరు ఫోను తీశాడు. నలభై మంది చెవిటివాళ్ళు కిటికీ విరగ్గొట్టి దాడి చేశారని పోలీసులకి కబురు పోయింది. వాళ్ళకి ఒక సర్టిఫికెట్టు రాయడానికి ఆర్నెల్లు చాలలేదు గానీ, పోలీసు వ్యాను రావడానికి పావుగంట చాలింది.

ఇనస్పెక్టరు గుమ్మంలో నిలబడి మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. ఏదో అన్నాడు. ఎవరూ కదల్లేదు. మళ్ళీ అన్నాడు. బొత్తాల పిల్ల నోటు పుస్తకం తెరిచి పెద్ద అక్షరాలతో రాసి ఎత్తి పట్టుకుంది: ‘రాసివ్వండి.’

“రాసివ్వండి సార్!” అంది రేకులక్క. “చదువుకుని జవాబు చెప్తాం. మైకు మీ మొహానికి అడ్డంగా ఉంది, పెదాలు కూడా కనపడటం లేదు.”

రాస్తే సంతకం పెట్టాలి. ఇనస్పెక్టరు రాయలేదు. మూడోసారి అన్నాడు.

అప్పుడు ఆఫీసరు రేకులక్క భుజం తట్టి పక్కకి పిలిచాడు. చేతిలో ఒక కాగితం ఉంది. సర్టిఫికెట్టు. ఆమె పేరు, ముద్ర, సంతకం, అన్నీ ఉన్నాయి. ఇంకా సిరా కూడా ఆరలేదు. ఆమెకి అర్థం కావాలని పెదాలు సాగదీసి నెమ్మదిగా అన్నాడు:

“నువ్వు మాట్లాడే మనిషివి. వీళ్ళలాంటిదానివి కాదు. తీసుకుని వెళ్ళిపో.”

కాగితం అందుకుంది. శుక్రవారం, తనిఖీ బల్ల, కిటికీ పక్క వెలుగు, మళ్ళీ తన చేతిలో రేకు. అన్నీ ఆ కాగితంలోనే ఉన్నాయి. కావాలనిపించింది, అబద్ధమెందుకు, చాలా కావాలనిపించింది. నూనె వేసేవాడు చివరి రోజున తనకేసి చూసిన చూపు గుర్తొచ్చింది. అప్పుడు కూడా తలవంచుకుని పని చూసుకుంటేనే బాగుంటుందనుకుంది.

తిరిగి బెంచీ ఎక్కి నిలబడింది.

“చూడండి! నన్ను పిలవకుండానే రాశాడు! రెండు నిమిషాల్లో రాశాడు! మంజూరు అక్కర్లేదు, ఏడాదిన్నర అక్కర్లేదు!” అంటూ కాగితం అందరికీ చూపించింది. “నలభై రాయండి సార్. అప్పుడు నాది నేను తీసుకుంటాను.” కాగితాన్ని కిటికీలోంచి లోపలికి తోసేసింది. ఆ గుమాస్తా బల్ల మీదే పడింది అది.

ఇక ఈడ్చుకుపోవడమే మిగిలింది. పోలీసులు తాత చేతులు రెండూ వెనక్కి విరిచి పట్టుకున్నారు. ఆయన నొప్పికి కాదు, మాట ఆగిపోయినందుకు గింజుకున్నాడు. చేతులు పట్టుకోవడమంటే ఆయన నోరు నొక్కడమే. రేకులక్కకి అది కళ్ళ ముందు కనపడింది. “ఆయన చేతులు వదలండిరా! ఆయన మాట్లాడుతున్నాడు!” అని అరుస్తూ మీదపడింది. ఆమె చేతులు కూడా కట్టేశారు. పదిహేను మందిని వ్యానులో కుక్కారు. ఇనస్పెక్టరు తన కాగితం మీద రాసుకున్నది బొత్తాల పిల్ల తొంగి చూసింది: ‘మూడుసార్లు హెచ్చరించాం. పలకలేదు.’

వ్యానులో చీకటి. పదిహేను మంది, కట్టేసిన చేతులు, ఒక్క మాట లేదు. ఎవరి మొహం ఎటుందో తెలియదు. రేకులక్క కాలితో ఇనప నేల మీద కొట్టింది. మూడు దెబ్బలు. ఆ చివర నుంచి మూడు దెబ్బలు ఆమె పాదాల్లోకి వచ్చాయి. తాత. తర్వాత అందరూ.

జాలీ కిటికీలోంచి బయటికి చూసింది. రోడ్డవతల ఫ్యాక్టరీ గేటు తెరిచి ఉంది. అత్తగారు రెండు చేతులూ తిప్పుతూ ముందు నడుస్తోంది. ఈసారి తిడుతున్నది ఎవరినో గానీ కోడల్ని మాత్రం కాదు. ఆమె వెనకాల ప్రెస్సు షాపు షిఫ్టు మొత్తం వస్తోంది, ముప్పై మంది, నూనె చేతులతో. వచ్చి వ్యాను ముందు రోడ్డు మీద కూర్చున్నారు. నూనె వేసేవాణ్ణి తీసేసిన రోజు తలెత్తని వాళ్ళే అందరూ, ఆమెలాగే.

ఇనస్పెక్టరు మైకు ఎత్తాడు. ఒకసారి. రెండోసారి. మూడోసారి.

వాళ్ళలో చాలామందికి ఇంకా బాగానే వినపడుతుంది. ఆ సంగతి రేకులక్కకి తెలుసు, పన్నెండేళ్ళు వాళ్ళ పక్కనే పని చేసింది. ఒక్కరు కూడా తల తిప్పలేదు. ఆమె మళ్ళీ కాలితో మూడు దెబ్బలు కొట్టింది. అత్తగారు వచ్చి వ్యాను రేకుకి అరచెయ్యి ఆనించింది, కాసేపు అలాగే ఉంచింది. తర్వాత బయటి నుంచి మూడుసార్లు కొట్టింది. వ్యాను కదల్లేదు.