నలభై ఒకటో నంబరు పావురం

నేను ఒక స్టిక్కర్‌ని. అరచేతంత నీలం గుండ్రం, మధ్యలో తెల్ల పావురం, చుట్టూ ‘సీయోను సహవాసం, ఒంగోలు’ అని అక్షరాలు. కింద మూలన నలభై ఒకటి. అది సంఘంలో జకర్యా కుటుంబం నంబరు.

సభ్యత్వం ఇచ్చిన ఆదివారం పాస్టరుగారే నన్ను జకర్యా ఆటో ముందద్దానికి అంటించి, "ఈ గుర్తు చూసి ఎవరు చెయ్యెత్తినా ఆగాలి" అన్నారు. జకర్యా ఆరేళ్లు ఆగాడు. పల్లెల నుంచి వచ్చి బస్టాండులో బిక్కుబిక్కుమంటూ నిలబడ్డవాళ్లు నన్ను చూడగానే "వందనాలన్నా" అని ఎక్కేవాళ్లు. రెండు వీధులు దాటేలోపు ఎవరి మేనత్త ఎవరికి వదినో తేలిపోయేది.

పోయిన వేసవిలో జకర్యా గుండెపోటుతో పోయాడు. ఆటో అమ్మేశారు. కాగితాల మీద పేరు మార్చారు, సీటు కవర్లు మార్చారు, నన్ను పీకాలని మాత్రం ఒక్కరికీ తోచలేదు. అంటించేటప్పుడు అంతసేపు ప్రార్థన చేసిన పెద్దలకు, తిరిగి తీసుకోవాలన్న బుద్ధి పుట్టదా?

కొన్న బాబ్జీ మాత్రం నన్ను రోజూ తుడిచేవాడు. ఆ తడిగుడ్డ తగిలినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. గాలం వేసేవాడికి ఎర మీద ఉండే ప్రేమ అది.

సోమవారం పొద్దున పల్లె నుంచి ఎస్తేరమ్మ బస్సు దిగింది. కూతురు కెజియా కాన్పు కష్టమై ఆస్పత్రిలో పడుంది. పదింటికి ఆపరేషన్. ఎక్కడా దొరకని గ్రూపు రక్తం కావాలి, అది తల్లికే ఉంది. నాలుగు ఆటోలు వదిలేసి, నన్ను చూసి చెయ్యెత్తింది.

"వందనాలు నాయనా. పెద్దాస్పత్రికి తొందరగా పోనియ్యి."

బాబ్జీ ఆమె మెడలోని రెండుపేటల గొలుసు చూశాడు. కొంత దూరం పోయాక ఫోన్లో గొంతు తగ్గించి, "తోట కాడికి రా. ముసల్ది ఒక్కతే" అన్నాడు.

"ఆస్పత్రి ఇటు కాదు గదయ్యా?"

"అడ్డదారి పెద్దమ్మా. మన సంఘపోళ్లని చుట్టూ తిప్పుతానా?"

మన సంఘపోళ్లు! నాకు నోరుంటే వాడి చెవులు పగిలేలా అరిచేదాన్ని.

రైల్వే గేటు పడింది. స్కూటీలు సందుల్లోంచి దూరి ముందుకొచ్చాయి. వాటిలో ఒకటి సువార్తది. సంఘంలో పాటలు పాడే నర్సు. తల తిప్పి నన్ను చూసింది, నంబరు చూసింది, బాబ్జీ మొహం చూసింది.

"వందనాలు బ్రదర్! జకర్యా అన్న బండి కదా ఇది? అన్న ఎలా ఉన్నాడు?"

"బ్రహ్మాండంగా ఉన్నాడు సిస్టర్. పొద్దున్నే కలిసి టీ తాగాం."

"ఎవడితో తాగావురా టీ? ఆయన పెట్టె మీద నా చేత్తో మట్టేశాను!" ఒక్క గుంజుడుకు తాళంచెవి లాగేసింది. "అమ్మా, నువ్వు దిగు!"

జనం మూగారు. బాబ్జీ ఆటో వదిలేసి, గేటు కింద దూరి పరుగు తీశాడు. సువార్త గోళ్లతో నన్ను పరపరా పీకింది. పావురం రెండు ముక్కలైంది. ప్రాణం లేచొచ్చింది నాకు. ముక్కల్ని హ్యాండ్‌బ్యాగులో కుక్కి, ఆస్పత్రి సంగతి విని ఎస్తేరమ్మను స్కూటీ ఎక్కించుకుంది.

పదికి ఏడు నిమిషాల ముందు ఎస్తేరమ్మ చేతికి సూది గుచ్చారు. కెజియా బతికింది. పొత్తిళ్లలో పిల్లా బతికింది.

సాయంత్రం ఎస్తేరమ్మ బట్టలు తేవడానికి ఊరికి బయల్దేరింది. ఆస్పత్రి గేటు ముందు ఇంకో ఆటో, దాని మీద నాలాంటి పావురమే, పన్నెండో నంబరు. డ్రైవరు సువార్త ఎరిగిన మనిషి. "వందనాలమ్మా, రండి" అన్నాడు. సువార్త ఎత్తబోయిన చేతిని ఎస్తేరమ్మ కిందికి లాగేసింది.

"వద్దమ్మాయ్. బస్సులో పోతా. అందులో ఎవర్నీ నమ్మక్కర్లేదు."

గొలుసు దక్కింది. దోపిడీ మాత్రం జరిగిపోయింది.

సువార్త ఆ డ్రైవరు వైపు చూసి తల దించుకుంది. స్కూటీ అక్కడే వదిలేసి, ఎస్తేరమ్మ సంచి భుజాన వేసుకుని ఆమెతో పాటు బస్సెక్కింది.