ముప్పై ఆరో గంట

నవ్వనీ, ఇంకో పది నిమిషాలు నవ్వుకోనీ, అని వెనక వరసలో కూర్చుని ఆమె పళ్ళు కొరికింది, వేదిక మీద ఆమె పరిశోధనకి గైడు తెర మీదికి చేపపిండం బొమ్మ తెచ్చాడు, ఆమె తీసిన బొమ్మే, రక్తనాళం అడుగున ఊదారంగు చుక్కలు, అక్కడి కణాల్లో వాటిని రక్తానికి మూలకణాలుగా మార్చే జన్యువు మేలుకుందనడానికి గుర్తు, వాటి కోసం మూడేళ్ళు కళ్ళు కాయలు కాచాయి, ఆయనేమో నా పరిశోధనలో అంటున్నాడు, నా అట, సూక్ష్మదర్శిని దీపం ఎక్కడ వెయ్యాలో తెలియని మనిషి, నా పేరేదండీ అంటే నీకింకా బోలెడు వయసుంది కదమ్మా అన్నాడు, అమ్మా అట, ఆ పిలుపు తలుచుకుంటేనే ఒళ్ళు మండుతోంది.

ఈ జన్యువు అందరూ అనుకున్నట్టు పిండం మొదలైన ఇరవై ఆరో గంటకి కాదు, ముప్పై ఆరో గంటకి మేలుకుంటుందండీ అన్నాడు, చప్పట్లు, కొట్టండి, బాగా కొట్టండి, డబ్బా మూత మీద ఆమె రాసిన ముప్పై ఆరు చూసి బోల్తా పడ్డాడు, ఆ రోజు అక్కకి నొప్పులొచ్చాయి, ఏమే, నీకు చేపపిల్లలు ముఖ్యమా నేను ముఖ్యమా అని ఫోన్లో ఏడ్చింది, పిండాలు గబగబా ఎదిగిపోకుండా ఇరవై రెండు డిగ్రీల చల్లపెట్టెలో పెట్టి ఆమె ఆసుపత్రికి పరుగెత్తింది, తిరిగొచ్చేసరికి గడియారం ప్రకారం ముప్పై ఆరు గంటలు, పిండాల ఎదుగుదల ఇరవై ఆరు గంటలదే, అదంతా ఆమె నోటుపుస్తకంలో ఉంది, ఆయన బొమ్మలు పట్టుకుపోయాడు గాని పుస్తకం తెరవలేదు, నెల్లాళ్ళుగా తెలిసీ ఆమె నోరు మెదపలేదు, ఆయన వ్యాసం అచ్చవనీ, ఎవరో మళ్ళీ చేసి చూసి తప్పని తేలుస్తారు, అప్పుడు తలెక్కడ పెట్టుకుంటాడో చూస్తాను, ఆ మాట తలుచుకుంటేనే ముద్ద దిగేది.

ముందు వరసలోంచి ఒక పెద్ద ప్రొఫెసరమ్మ, పిండాల్ని ఎన్ని డిగ్రీల్లో పెంచారు బాబూ అని అడిగింది, మామూలేనండీ, ఇరవై ఎనిమిదిన్నర, అన్నాడు తడుముకోకుండా, పడ్డాడు, ఇంకేం, కసి తీరాలి, తీరలేదు, ఆమె చూపు తెర మీద చుక్కల దగ్గరే ఆగిపోయింది, రేపు తప్పని తేలితే ఆయనకేం, ఇంకో అమ్మాయి దొరుకుతుంది, ఇంకో బొమ్మ దొరుకుతుంది, చెత్తబుట్టలో పడేవి ఈ చుక్కలే, ఏ తప్పూ చెయ్యని తన చుక్కలు, ఆమె లేచి నిలబడింది, ఇరవై రెండండీ, చల్లపెట్టెలో పెట్టింది నేనే, అందుకే ఇరవై ఆరు గంటల ఎదుగుదలకి ముప్పై ఆరు పట్టింది, అంది, అన్ని తలలూ వెనక్కి తిరిగాయి, ఆయన మొహాన నెత్తుటిచుక్క లేదు, ఆ అంకె బొమ్మ తీసిన మనిషికి తప్ప ఎవరికీ తెలియదని, పగ తీరడానికి అదొక్కటే చాలునని ఆమెకి అప్పుడు తెలిసింది.