జైలు రిజిస్టరులో సంతకాలు

నోటిఫికేషన్‌లో ఐదో నిబంధన దగ్గర ఫరహత్ ఆగిపోయింది.

పోస్టు ఒక్కటే. లా ఆఫీసర్, నేర చట్టాల విధానం. కొత్త నేర చట్టాలు వచ్చాక రాష్ట్రం మార్చుకోవాల్సిన నియమాలను ఆ ఆఫీసరు రాయాలి. బెయిలు, జామీను, రిమాండు అన్నీ అందులోకే వస్తాయి. పదేళ్ల క్రిమినల్ ప్రాక్టీసు ఉండాలన్నారు. ఫరహత్‌కి పదమూడేళ్లుంది. వయసు కూడా సరిపోయింది. ఐదో నిబంధన ఇలా ఉంది: 'అభ్యర్థి స్వయంగా నడిపిన ఇరవై కేసుల తీర్పులు జతచేయాలి. తీర్పులో అభ్యర్థి పేరు లేకపోతే సీనియర్ న్యాయవాది సర్టిఫికెట్ జతచేయాలి.'

వన్ టౌన్‌లోని ఇంట్లో మంచం మీద ఆమె తీర్పుల కాపీలు పరిచింది. ఇరవై కాదు, నలభై దాకా ఉన్నాయి. అన్నిటి మొదటి పేజీలోనూ ఒకటే వరుస, ఆమె సీనియర్ పేరుతో. 'ముద్దాయి తరఫున: శ్రీ వెంకటకృష్ణారావు, అడ్వకేట్.'

అందులో వింతేమీ లేదు. సీనియర్ ఆఫీసులో పనిచేసే జూనియర్ తన పేరు మీద వకాల్తా వేయడం బెజవాడలో మర్యాద కాదు. వకాల్తా ఫారం మీద సీనియర్ పేరు ముందే అచ్చయి ఉంటుంది. జూనియర్ల పేర్లు దాని కింద చేత్తో రాస్తారు. తీర్పు టైపు చేసే స్టెనో మొదటి పేరు తీసుకుని మిగతావి వదిలేస్తాడు.

ఒక్కసారి మాత్రం వేరుగా జరగబోయింది. ఆమె ప్రాక్టీసు మూడో ఏట, ఒక దొమ్మీ కేసులో ఆరుగురు సాక్షుల్ని క్రాస్ ఎగ్జామిన్ చేసింది. ఆఖరి రోజు బెంచి క్లర్కు అడిగాడు.

"మేడమ్, మొత్తం మీరే నడిపారుగా. తీర్పులో మీ పేరు ఎక్కించమంటారా?"

"వద్దండీ. సార్ పేరే ఉండనివ్వండి."

ఆ మాట ఆమే అంది. ఎవరూ అనిపించలేదు. ఆ రోజు అది గౌరవం అనుకుంది. తర్వాత ఆ క్లర్కు మళ్లీ అడగలేదు.

ఈ ఉద్యోగం ఆమెకు ఎందుకు కావాలో చెప్పాలంటే చక్రి గురించి చెప్పాలి. చల్లపల్లి నుంచి వచ్చి వన్ టౌన్ గోడౌన్లలో బస్తాలు మోసేవాడు. దొంగతనం కేసులో పట్టుకెళ్లారు. తొమ్మిదో రోజు కోర్టు బెయిలిచ్చింది. ఇద్దరు జామీనుదారులు కావాలంది, సొంత ఇంటి పన్ను రసీదులతో. చక్రికి తెలిసినవాళ్లలో సొంత ఇల్లున్న మనిషి లేడు. బెయిలు కాగితం ఫైల్లో ఉంది, చక్రి జైల్లో ఉన్నాడు. ఎలాగో జామీనుదారులు దొరికి తొంభై నాలుగో రోజున బయటికొచ్చాడు. ఆ తర్వాత ఏడాదికి కేసు కొట్టేశారు. బెయిలొచ్చాక అతను లోపల ఉన్న ఎనభై అయిదు రోజుల గురించి తీర్పులో ఒక్క వాక్యం లేదు.

అలాంటివాళ్లను ముప్పై ఒక్కమందిని ఫరహత్ జైల్లో కలిసి, పేర్లతో, తేదీలతో పదకొండు పేజీల నోటు రాసింది. ఆ నోటును వెంకటకృష్ణారావు ఒక సెమినార్‌లో చదివారు. మర్నాడు పేపర్లో ఆయన ఫొటో వచ్చింది. ఆ నియమాన్ని మార్చే కుర్చీ ఇప్పుడు ఖాళీగా ఉంది.

సర్టిఫికెట్ అడిగితే వెంకటకృష్ణారావు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"అంతేగా. ఇస్తాలేమ్మా. లాస్ట్ డేట్ ఎప్పుడు?"

"ఇరవై ఎనిమిది సార్."

"బోల్డు టైముంది. నువ్వు నడిపిన కేసుల జాబితా చేసి బాలశౌరికియ్యి. చూసి సంతకం పెడతా."

ఆమె నాలుగు పేజీలు టైపు చేసింది. కేసు నంబరు, సెక్షన్లు, ఏ సాక్షిని ఏ తేదీన క్రాస్ చేసింది, అన్నీ రాసింది. పది రోజులు గడిచాయి. అడిగినప్పుడల్లా సార్ "రేపు" అన్నారు.

ఇరవై రెండో తేదీ మధ్యాహ్నం కోర్టు క్యాంటీన్‌లోకి బాలశౌరి వచ్చాడు. ఆ ఆఫీసులో ముప్పై ఏళ్లుగా గుమాస్తా. ఆమె ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు.

"టీ తాగారా మేడమ్?"

"తాగానండీ. ఏంటి సంగతి?"

"ఏం లేదు. సార్ నిన్న రెండు సర్టిఫికెట్లు చెప్పారు. నేనే టైపు కొట్టాను. ఒకటి మీది. ఇంకోటి హర్షబాబుది."

హర్షవర్ధన్ సార్ మేనల్లుడు. పదకొండేళ్ల కిందట ఎన్‌రోల్ అయ్యాడు. అందులో ఆరేళ్లు గన్నవరంలో ప్లాట్లు అమ్మాడు. తర్వాత మామయ్య ఆఫీసులో కూర్చుంటున్నాడు.

"హర్ష కూడా పెడుతున్నాడా దీనికి?"

"మీరిచ్చిన నాలుగు పేజీలున్నాయి చూశారూ? అవి హర్షబాబు సర్టిఫికెట్‌కి పిన్ను కొట్టమన్నారు."

"మరి నాదానికి?"

"మీదానికి పిన్ను అక్కర్లేదు మేడమ్. మూడు లైన్లు."

ఆమె లేచి నేరుగా ఆఫీసుకెళ్లింది. సార్ భోజనం చేసి వచ్చి కూర్చున్నారు. అడగకముందే కవరు చేతికిచ్చారు. ఫరహత్ అక్కడే విప్పి చదివింది. 'పదమూడేళ్లుగా నా ఆఫీసు పనిలో సహకరించారు. నడవడి మంచిది. ఆమెకు శుభం కలగాలని కోరుకుంటున్నాను.'

"ఇది చదివితే నేను ఫైళ్లు సర్దేదాన్ననుకుంటారు సార్."

"అలా ఎక్కడుంది? సహకరించారని ఉంది. సహకరించలేదా?"

"ఇరవై కేసుల్లో క్రాస్ నేను చేశాను."

"ఎవరి వకాల్తా మీద చేశావ్?"

ఆమె కాగితం మళ్లీ కవర్లో పెట్టింది. ఆయన గొంతు తగ్గించారు.

"చూడమ్మా. కేసులు ఆఫీసువి. ఆఫీసు నాది. వాడికి నలభై వస్తున్నాయి, ఇంకా ఎక్కడా కుదురుకోలేదు. నీకేంటి? చేతిలో పనుంది. ఎక్కడైనా బతుకుతావ్."

"పనొచ్చు గనక ఉద్యోగం వద్దంటారా?"

"ఇదిగో, ఈ గొంతు ఇక్కడొద్దు. కూతురులాంటి దానివని ఇన్నాళ్లూ..."

"కూతురైతే ఆ నాలుగు పేజీలు దాని సర్టిఫికెట్‌కే పిన్ను కొట్టించేవారు సార్."

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఫైలు తెరిచారు. ఫరహత్ తన బల్ల సొరుగులోంచి నల్ల గౌను, రెండు పుస్తకాలు, టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుంది. పదమూడేళ్లకు అంతే సామాను.

మెట్ల మీద బాలశౌరి ఆపాడు.

"నన్ను మాత్రం ఎక్కడా సాక్షిగా వెయ్యకండి మేడమ్. రెండేళ్లు ఆగితే పిల్ల చదువైపోద్ది."

"వెయ్యనండీ."

"ఒక్క మాట. జైలుకి ఎవరెళ్లేవారు?"

"నేనే. ఎందుకు?"

"సీనియరనేవాడు జైలు గేటు దాటడం నా సర్వీసులో నేను చూళ్లేదు. కోర్టులో ఎవరి పేరైనా రాసుకుంటారు. అక్కడ మాత్రం వెళ్లిన మనిషే సంతకం పెట్టాలి. అంతే. నేనేం చెప్పలేదు మీకు."

జైలు గేటు లోపల ఎడమవైపు చిన్న గది ఉంటుంది. ఖైదీని కలవడానికొచ్చిన లాయరు అక్కడి రిజిస్టరులో తన పేరు, బార్ నంబరు, ఖైదీ పేరు, వచ్చిన టైము, వెళ్లిన టైము రాసి సంతకం పెట్టాలి. ఫరహత్ ఆ పని ఎన్నిసార్లు చేసిందో ఎప్పుడూ ఆలోచించలేదు.

జైలరు ఫిలిప్ ఆమెను చూడగానే రిజిస్టరు ఆమెవైపు తిప్పాడు.

"ఎవర్ని పిలవమంటారు మేడమ్?"

"ఇవాళ ఎవర్నీ కాదండీ. నా సంతకాలు కావాలి."

విషయం విన్నాక అతను తల గోక్కున్నాడు.

"సమాచార హక్కు కింద అడిగితే ముప్పై రోజులు పడుతుంది. మామూలుగా ఒక దరఖాస్తు రాసివ్వండి. మీ సంతకాల కాపీలు మీకివ్వడానికి నాకేంటి? పాత రిజిస్టర్లు పైన అటకమీదున్నాయి. దుమ్ము దులుపుకోవాలి, అంతే."

రెండు రోజులు పట్టింది. తొమ్మిది రిజిస్టర్లలో ఆమె పేరు రెండు వందల ఆరుసార్లు ఉంది. వెంకటకృష్ణారావు పేరు లేదు. హర్షవర్ధన్ పేరు లేదు.

"ఆ హర్షవర్ధన్ గారు ఒకసారి గేటు దాకా వచ్చారు మేడమ్," అన్నాడు ఫిలిప్, కాపీల మీద ముద్ర వేస్తూ. "సెల్‌ఫోన్ గేట్లో పెట్టమన్నాం. ఫోన్ లేకుండా ఎలా అని వెళ్లిపోయారు."

ఇరవై ఏడో తేదీన ఫరహత్ దరఖాస్తు పెట్టింది. ఇరవై తీర్పుల కాపీలు, మూడు లైన్ల సర్టిఫికెట్, దాని వెనక నూట పద్నాలుగు పేజీల జైలు కాపీలు. ప్రతి క్రాస్ తేదీ పక్కన, అంతకుముందు తను జైల్లో ఆ ముద్దాయిని కలిసిన తేదీ రాసింది.

ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. హర్షవర్ధన్‌కి కూడా వచ్చింది. బయట బెంచీ మీద అతను జరిగి చోటిచ్చాడు.

"అక్కా, కోపంగా ఉన్నావా? నాకేం తెలీదు. మామయ్య పెట్టమన్నాడు, పెట్టాను."

"దొమ్మీ కేసులో రెండో సాక్షి ఎవరు హర్షా?"

"ఏ దొమ్మీ కేసు?"

"నువ్వు నడిపిందే. జాబితాలో మూడోది."

అతను ఫోన్ చూసుకున్నాడు.

లోపల ముగ్గురున్నారు. మధ్యలో ఉన్న ఛైర్మన్ కాపీలు తిరగేశారు.

"ఇవి జైలు విజిట్లు. మీరు వాదించినట్టు ఎక్కడుంది?"

"తేదీలు చూడండి సార్. ప్రతి క్రాస్‌కీ ఒకటి రెండు రోజుల ముందు నేను జైల్లో ఉన్నాను. ముద్దాయిని కలవకుండా సాక్షిని ఏమడుగుతాం?"

"ఇవే ఇరవై కేసులు ఇంకో అభ్యర్థి కూడా చూపించారు."

"అయితే ఆయన్ని కూడా జైలు కాపీలు అడగండి సార్."

పక్కనున్న సభ్యురాలు తలెత్తి చూసింది. ఛైర్మన్ కాగితాలు సర్దారు.

"నిబంధనలో జైలు రిజిస్టరు అని లేదమ్మా. సీనియర్ సర్టిఫికెట్ అని ఉంది. ఆయన దగ్గర అది పద్ధతిగా ఉంది."

జామీను నియమం గురించి ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదు. ఆమె ఆ నియమానికి రాసుకొచ్చిన సవరణ సంచిలోనే ఉంది.

మూడు వారాలకు ఫలితం వచ్చింది. హర్షవర్ధన్ ఎంపికయ్యాడు. ఫరహత్ పేరు వెయిటింగ్ లిస్టులో ఉంది.

ఆ రాత్రే ఆమె ఫిర్యాదు రాసింది. హర్షకిచ్చిన సర్టిఫికెట్ నిజం కాదని, విచారణ జరపాలని రెండు పేజీలు. రాసింది గానీ పంపలేదు. సీనియర్ మీద ఫిర్యాదు పెట్టిన జూనియర్‌ని ఈ బార్‌లో ఏ ఆఫీసూ చేర్చుకోదు. ఆ మాట ఇద్దరు ప్లీడర్లు ఆమెకు విడివిడిగా చెప్పారు, ఇద్దరూ ఆమె మంచి కోరేవాళ్లే. "పెద్దాయన ఇంకెన్నేళ్లుంటారు, వదిలెయ్యి" అన్నారు. తల్లి సయీదా మాత్రం ఒక్కటే అడిగింది.

"అబద్ధం రాసింది వాళ్లా, నువ్వా?"

"వాళ్లే అమ్మీ."

"మరి దాచుకుంటున్నది నువ్వెందుకు?"

అయినా కాగితం వారం రోజులు సంచిలోనే ఉంది. శనివారం మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"అక్కా, బాగున్నావా? నేను, హర్షని."

"చెప్పు."

"బుధవారం జాయినయ్యా. మా పైఆఫీసరు గారు జామీనుల మీద నోటు అడిగారు. సోమవారానికి కావాలంట. అదే, మామయ్య సెమినార్‌లో చదివాడు చూడు, పదకొండు పేజీలు. దాని సాఫ్ట్ కాపీ నీ దగ్గరుందంట."

ఫరహత్ ఫోన్ ఇంకో చెవికి మార్చింది.

"కొంచెం అప్‌డేట్ చేసి పంపవా అక్కా? ఆ ముప్పైమంది ఎవరో, వాళ్ల సంగతులేంటో నాకు తెలీదు కదా. అడిగితే చెప్పలేకపోతే బాగోదు."

"ముప్పై ఒక్కమంది."

"ఆఁ, అదే. నువ్వు ఇలాంటివి ఇట్టే రాస్తావ్. నీ రుణం ఉంచుకోన్లే."

"వాళ్ల గురించి తెలియాలంటే జైలుకెళ్లు హర్షా. ఫోన్ మాత్రం గేట్లో పెట్టాలి."

"జోకులెందుకక్కా, టైము లేదు నాకు."

"సరే. సోమవారం పొద్దున్నే నేనే మీ ఆఫీసుకొస్తున్నాలే."

"అబ్బ, బతికించావ్," అని అతను ఫోన్ పెట్టేశాడు.

సోమవారం తొమ్మిదింటికి ఫరహత్ హర్ష ఆఫీసుకని బ్యారేజీ దాటే బస్సెక్కింది. సంచిలో రెండు పేజీల ఫిర్యాదుంది, ముద్రలున్న జైలు కాపీలున్నాయి, పదకొండు పేజీల నోటుంది. నోటు చివర ఈసారి తన పేరు, బార్ నంబరు, తేదీ రాసి సంతకం పెట్టింది. మూడింటికీ రెండేసి సెట్లు తీసుకుంది. ఒకటి ఇవ్వడానికి, ఒకటి ముద్ర వేయించుకుని తెచ్చుకోవడానికి.

హర్షవర్ధన్ గది మూడో అంతస్తులో ఉందని బోర్డు మీద రాసుంది. ఆమె పైకి ఎక్కలేదు. కింద, కాగితాలు తీసుకునే కౌంటరు దగ్గర లైన్లో నిలబడింది. ఆమె వంతు వచ్చేసరికి పదిన్నరయింది. గుమాస్తా ఆమె తెల్ల చీర, మెడ దగ్గర తెల్ల పట్టీలు చూసి రిజిస్టరులో వేలు పెట్టాడు.

"లాయరు గారా? ఎవరి తరఫున మేడమ్?"

ఏ ఆఫీసు కౌంటర్లో ఆ ప్రశ్న అడిగినా ఆమె నోటివెంట ఒకే పేరు వచ్చేది. పదమూడేళ్ల అలవాటు. ఆ పేరు నాలుక దాకా వచ్చింది కూడా.

"నా తరఫునే అండీ," అంది ఫరహత్. "పేరు నేను రాస్తాను, ఆ రిజిస్టరు ఇటివ్వండి."