తోక కింద ఎరుపు

నా భర్త గెరిట్ వంటింట్లోని ఇంక్యుబేటర్‌లో రెండు వెండిరంగు బుల్లి కౌజుపిట్టలను పొదిగించాడు. వాటికి పదిహేను రోజులప్పుడు "రెండూ పెట్టలే, కూతల గోల ఉండదు" అని పెరటి పంజరంలో వదిలాడు. ఆ రాత్రే పోయాడు.

అంత్యక్రియల మర్నాటి నుంచి తెల్లవారుతుండగా పంజరం వైపు నుంచి మూడు స్వరాల కూత వినిపించసాగింది. ఇదివరకు పెంచిన మగపిట్టలను పలకరించడానికి గెరిట్ అచ్చం అలాగే ఈల వేసేవాడు.

నెలన్నర తర్వాత ఆడపడుచు ఫ్రౌకెకు ఫోన్లో కూత సంగతి చెప్పాను, ఎప్పట్నుంచో చెప్పలేదు. ఆమె తానుండే స్నీక్ ఊరి నుంచి వెంటనే వచ్చింది. "మగపిట్ట లేకుండా కూతేంటి వదినా? ఇలా అయితే నిన్ను మా ఇంటికి తీసుకుపోతా. ఒంటరిగా వదలను."

ఒక పిట్టను పట్టుకుని వెల్లకిలా తిప్పి, తోక కింద ఉఫ్‌మని ఊదింది. ఈకల మధ్య తుప్పురంగు ఎరుపు కనిపించింది.

"ఇదిగో నీ దెయ్యం! మగాడు! కళ్లజోడు మార్చుకోమంటే అన్నయ్య విన్నాడా?"

ఇద్దరం నవ్వాం.

"పాపం, పిల్లలుగా ఉన్నప్పుడు ఆడో మగో ఎవరికి తెలుస్తుందిలే. ఈ ఎరుపు వచ్చాకే గొంతు లేస్తుంది. వీడు కూత మొదలెట్టి మహా అయితే పది రోజులై ఉంటుంది" అంది ఫ్రౌకె.

మరి అంతకుముందు నెలరోజులూ నేను విన్నదేమిటి? ఆ మాట నోటిదాకా వచ్చింది. అడిగితే నన్ను ఈ ఇంట్లో ఉండనివ్వదు.

"అయితే కూసింది వీడేనన్నమాట" అన్నాను.

ఫ్రౌకె సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది. పడుకునే ముందు నేను పెరటివైపు కిటికీ తెరిచి ఉంచాను.