బిగించిన మర

మార్కండిలో పొరుగింటి కూర్మమ్మ చెప్పింది, ఆమెకు చమఖండిలో ఎవరో చెప్పారట: "బరంపురం ఆసుపత్రుల్లో ఒరియావోల్లకైతే సీసాలకి సీసాలు నీరెక్కిత్తన్నారంట. మనోల్లకి సుక్కలు. సుక్కలేనే సీతాలూ! కొత్త రాష్ట్రం కదా మరి."

గంజాం మదరాసు నుంచి విడిపోయి ఒరిస్సాలో కలిసి అప్పటికి మూడేళ్లు. వాన పడకపోయినా దాని నెత్తినే రుద్దే రోజులు. సీతాలు ఆ మాట నమ్మలేదు. అలాగని వదిలిపెట్టనూ లేదు.

అలకు తిరగబడ్డ తెప్ప దుంగ ఆమె మొగుడు మసేను తలకు తగిలి, పుర్రె ఎముక లోపలికి నొక్కుకుపోయింది. బరంపురం గోసాని నువాగాం ఆసుపత్రిలో ఒరియా డాక్టరు చూశాడు. పూర్తి మత్తు ఇవ్వను, తల మట్టుకు తిమ్మిరెక్కించి ఎముక పైకెత్తుతాను అన్నాడు. "మనిషి కదలకూడదు. నువ్వు కాళ్ల దగ్గర కూర్చుని మాట్లాడుతూ ఉండు" అని తెలుగులోనే చెప్పాడు.

లోపలికి వస్తూ సీతాలు పక్క గదిలోకి చూసింది. వాంతులు, విరేచనాలతో పడున్న ఒరియా ముసలమ్మ. చేతికి ఒక సీసా, మంచం కింద రెండు ఖాళీ సీసాలు.

మసేనుకి సీసా ఒకటే. చీలమండ దగ్గర నరంలోకి రబ్బరు గొట్టం పెట్టారు. దాన్ని నొక్కిపట్టే చిన్న ఇనుప మర. నర్సు గడియారం చూస్తూ బొట్లు లెక్కపెట్టి, మరను ఇంకాస్త బిగించింది.

"ఏటమ్మా, మరీ అంత పిసినారితనం?"

"తలకి దెబ్బ తగిలినవాళ్లకి ఇంతే. ఎక్కువైతే మెదడు ఉబ్బుతుంది."

"ఆ ముసిల్దానికి ఉబ్బదేటి?"

"ఆమె ఒంట్లో నీళ్లన్నీ పోయాయి. తలకేం కాలేదు."

అడగకముందే సిద్ధం చేసి పెట్టుకున్న జవాబులా తోచింది సీతాలుకి.

అడ్డంగా కట్టిన తెల్లగుడ్డకు అవతల తల, ఇవతల కాళ్లు. అవతల ఎముక గీకుతున్న చప్పుడు.

"సీతాలూ, నాలిక పిడసకట్టుకుపోతందే. గుక్కెడు నీల్లియ్యే."

"కదలకు మావా. వల సిక్కు ఎవులు తీత్తారో సెప్పు."

"నీ బాబు తీత్తాడు. నీల్లియ్యే..."

డాక్టరు పిలిస్తే నర్సు అవతలికి వెళ్లింది. ఇద్దరూ ఒరియాలో ఏదో అనుకున్నారు. సీతాలుకి ఒరియా బాగానే వచ్చు. కానీ మూతులకు కట్టుకున్న గుడ్డల వెనక మాటలు అందలేదు. నా ముందర అంత గుసగుస ఎందుకు అనుకుంది. చెయ్యి చాచి మర మూడు చుట్లు వదులు చేసింది. బొట్లు ధార కట్టాయి. దాహం తీరుతుందని మొగుడి కాలు నిమురుతూ కూర్చుంది.

సీసా అడుగంటుతుండగా మసేను మాట ముద్దయింది. ఆపైన మాటే లేదు.

"మెదడు పైకి ఉబుకుతోంది! సీసా చూడు!" డాక్టరు అరిచాడు.

నర్సు పరుగున వచ్చి మర బిగించింది. డాక్టరు గుడ్డ మీదుగా చూశాడు. "ఎవరు తిప్పారు?"

"నానే తిప్పినాను. మా మనిసికి నీరు దాసేత్తన్నారనుకున్నాను. ఇప్పుడు బతుకుతాడా, సత్తాడా? అది సెప్పండి."

డాక్టరు మళ్లీ గుడ్డ అవతలికి వంగాడు.